సెకండ్ ఇయర్ చదువు: పాము కాటు నుంచి పలకల గని దాకా

(ఒంగోలులో ఇంటర్ బైపీసీ విద్యార్థులు, ఎంబీబీఎస్ మొదటి రెండేళ్ల విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు ఒక పాథాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు గట్టిగా ఉంది. ముందు రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా, నేనేమీ ప్రశ్నలు వేసి లేపను.

నాకిచ్చిన అంశం వైద్యవిద్యలో అవకాశాలు. అవకాశాల గురించి మీ కోచింగ్ సెంటర్ల వాళ్లు నాకంటే బాగా చెప్తారు. నీట్‌లో ఎంతొస్తే ఎక్కడ సీటు, కన్వీనర్ కోటా కటాఫ్ ఎంత, బీ కేటగిరీ ఫీజు ఎంత, ఇవన్నీ ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులకి కంఠతా వచ్చు. సీటొచ్చి లోపలికెళ్లాక పిల్లలు అసలు చదివేదేంటో మాత్రం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు కూడా. నేను పాథాలజీ చెప్పేవాణ్ణి, రోజూ నా పని అదే, కాబట్టి ఆ సంగతే మాట్లాడతాను. నిర్వాహకులు ఏమీ అనుకోకూడదు.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్, మనం హౌస్ సర్జన్సీ అంటాం. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. అంటే జబ్బు లేని ఒళ్లు ఎలా ఉంటుంది, ఎలా పనిచేస్తుంది అని. రెండో ఏడాది పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. జబ్బు ఎలా పుడుతుంది, ఏ క్రిమి వల్ల వస్తుంది, మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుంది అని. మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల వైద్యం, ఇవన్నీ ఆ తర్వాత. ఈ రెండో ఏడాది ఉంది చూశారూ, దాన్ని మన పిల్లలు ఎలాగోలా గట్టెక్కితే చాలు అనుకుంటారు. స్టెతస్కోప్ మెళ్లో వేసుకుని వార్డుకి వెళ్లాలని తొందర, మధ్యలో ఈ గులాబీ రంగు స్లైడ్లు, ఫార్మలిన్ సీసాలు ఏంటని విసుగు. నాకు మాత్రం డాక్టర్ తయారయ్యేది ఆ ఏడాదిలోనే అనిపిస్తుంది, నా సబ్జెక్టు కాబట్టి అంటున్నానని మీరు నవ్వుకున్నా సరే.

ఎందుకంటే జబ్బు ఒంట్లో ఏ దారిన నడుస్తుందో తెలిస్తే, ఏ పరీక్ష చేయించాలో, ఏ మందు పనిచేస్తుందో, ఏ మందు ఎంత పోసినా లాభం లేదో ఆ దారిలోనే కనపడుతుంది. అది తెలియకుండా జబ్బు పేరు, పక్కన పరీక్ష పేరు, దాని పక్కన మందు పేరు బట్టీ పడితే పరీక్ష పాసవుతారు. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో ఒక్కరే నిలబడాల్సి వచ్చినప్పుడు మాత్రం చేతులు ఆడవు.

పుస్తకాల్లో ఉదాహరణలు ఎక్కువగా పడమటి దేశాలవి. అక్కడ ఎక్కువగా కనిపించే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బు గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, పాము కాటు ఎక్కడో మూలన ఉంటుంది. అందుకని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కళ్ల ముందు ఉండే జబ్బులే తీసుకుంటాను.

పాముతోనే మొదలుపెడదాం. కోతలప్పుడు, పెన్నా కింద మాగాణిలోనో, ఇటు మెట్ట పొలంలోనో, చీకటిపడే వేళ ఒకాయన కాలి మీద పాము కరిచింది. ఆస్పత్రికి తెచ్చారు. ఏం పాము అంటే ఒకరు పింజరి అంటారు, ఒకరు తాచు అంటారు, ఇంకొకాయన దాన్ని చంపి సంచిలో వేసుకొచ్చి ఏకంగా టేబుల్ మీద పెడతాడు. దయచేసి ఆ పని చేయొద్దు. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కాటు వేయగలదు, పైగా దాన్ని వెతికి చంపేలోపు మనిషికి ఆలస్యం అయిపోతుంది. సరే, డ్యూటీలో ఉన్న పిల్లాడు ఏం చేయాలి? పాము పేరుతో పని లేకుండా విషం పని ఏంటో చూడాలి. కొత్త, శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, స్టాండులో పెట్టి, ఇరవై నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా పారిందంటే, మన ప్రాంతంలో అది ఎక్కువగా రక్తపింజరి కాటే. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు రెండో ఏడాది చదువు ఎక్కడ పనికొస్తుందో చూడండి. రక్తం ఎందుకు గడ్డకట్టలేదు? విషం రక్తాన్ని పలచబరిచింది అని ఊళ్లో అంటారు, కొంతమంది మా పిల్లలు కూడా పరీక్షలో అలాగే రాస్తారు. జరిగేది దాదాపు తిరగబడి ఉంటుంది. రక్తపింజరి విషంలో మన క్లాటింగ్ ఫ్యాక్టర్లలో, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో, పదోదాన్ని, ఐదోదాన్ని నేరుగా పనిలోకి దింపే ఎంజైములున్నాయి. అంటే విషం చేసేది రక్తాన్ని గడ్డకట్టించే పనే, కాకపోతే అవసరం లేని చోట, ఒళ్లంతా, ఒకేసారి. గడ్డకట్టించే త్రాంబిన్ తయారవుతూనే ఉంటుంది, గడ్డకి సరుకైన ఫైబ్రినోజెన్ అయిపోతూనే ఉంటుంది. పెళ్లిలో వండిందంతా మొదటి పంక్తికే వడ్డించేస్తే రెండో పంక్తికి ఖాళీ గిన్నెలు మిగిలినట్టు, నిజంగా చిగుళ్ల నుంచి, సూది పోటు దగ్గర నుంచి రక్తం కారేటప్పటికి ఆపడానికి సరుకు ఉండదు. మూత్రం ఎర్రగా వస్తుంది, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇది అర్థమైతే మిగతా ప్రశ్నలన్నిటికీ సమాధానం దొరుకుతుంది. గాజు ట్యూబే ఎందుకు? గాజు తగిలితే పన్నెండో ఫ్యాక్టర్ మేల్కొని మామూలు రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, ప్లాస్టిక్‌కి ఆ గుణం సరిగ్గా లేదు, కాబట్టి ప్లాస్టిక్‌లో పోస్తే బాగున్నవాడి రక్తం కూడా గడ్డకట్టలేదని భయపడతాం. సబ్బుతో కడిగిన ట్యూబు ఎందుకు పనికిరాదు? అదే కారణం, గాజు ఉపరితలం చెడిపోతుంది. యాంటీ స్నేక్ వెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఇచ్చాక మళ్లీ ఈ పరీక్ష ఆరు గంటలకి ఎందుకు, అరగంటకి ఎందుకు చేయం? యాంటీవెనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది తప్ప అయిపోయిన ఫ్యాక్టర్లని తిరిగి తెచ్చివ్వదు. వాటిని లివర్ కొత్తగా తయారుచేయాలి, దానికి అంత సమయం కావాలి. అరగంటకే చూసి, ఇంకా గడ్డకట్టలేదని కంగారుపడి వయల్స్ మీద వయల్స్ ఎక్కిస్తే మందు వృథా. చిన్నపిల్లలకి డోసు తగ్గించాలా? అక్కర్లేదు. కాటు వేసేటప్పుడు పాము పిల్లాడి బరువు చూసి విషం తగ్గించదు కదా. ఇవన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిన విషయాలు అనుకుంటారు మా వాళ్లు. ఒకటి తెలిస్తే మిగతావి అడగాల్సిన పని లేదు.

అదే తాచుపాము, కట్లపాము అయితే కథ వేరు. ఇవి రక్తం జోలికి పోవు, నరం కండరాన్ని కదిలించే చోటకి వెళ్తాయి. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వస్తుంది, అవతల కండరం మీద దాన్ని అందుకునే రిసెప్టర్ ఉంటుంది. తాచు విషం అవతల ఉన్న రిసెప్టర్ మీద కూర్చుంటుంది. కట్లపాము విషంలో ముఖ్యమైనది ఇవతల నరం చివరనే పాడుచేస్తుంది. రెంటిలోనూ పైకి కనిపించేది ఒకటే: రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, చివరికి ఊపిరి ఆగుతుంది. నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇస్తే ఎసిటైల్‌కోలిన్ విరగకుండా ఎక్కువసేపు ఉంటుంది, రిసెప్టర్ల దగ్గర విషంతో పోటీ పడుతుంది, తాచు కాటులో రెప్పలు లేస్తాయి. కట్లపాము కాటులో ఆ రసాయనం వచ్చే చోటే పోయింది, ఉన్నదాన్ని దాచేందుకు అసలు రావాలి కదా. కాబట్టి అక్కడ వెంటిలేటరే దిక్కు, నరం చివరలు మళ్లీ మొలిచేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి. యాంటీవెనమ్ ఇస్తాం, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, కానీ పాడైన నరాన్ని అది బాగుచేయదు.

కట్లపాము గురించి తల్లిదండ్రులకి కూడా ఒక మాట. ఇది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి ఉండదు, కాటు గుర్తు వెతికినా కనపడకపోవచ్చు. తెల్లారుజామున కడుపునొప్పి అని లేస్తారు. ఏదో తిన్నది పడలేదని ఓమ వాటర్ ఇస్తారు. తర్వాత కళ్లు మూతలు పడుతుంటే నిద్ర అనుకుంటారు. నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అని రెప్పలు ఎత్తలేకపోతుంటే, పామును ఎవరూ చూడకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కట్టు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఇవేవీ వద్దు.

అన్నట్టు రక్తపింజరికి ఇంగ్లీషులో రసెల్ పేరు ఎందుకు వచ్చిందో తెలుసా? పాట్రిక్ రసెల్ అని ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లాండ్ వైద్యుడు మన విశాఖపట్నంలో ఉండి కోరమండల్ తీరం పాముల్ని సేకరించి, ఏది విషపుది ఏది కాదు అని తేల్చి 1796లో అచ్చు వేశాడు. అంటే ఈ చదువు మన తీరంలో రెండొందల ఏళ్లకు పైగా ఉంది.

ఇక ఫ్లోరైడ్. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ని, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బుని, మొదట గుర్తించి రాసింది మీ ప్రాంతం గురించే. 1937లో. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో ఏర్పడింది, అవి నెల్లూరు జిల్లా తాలూకాలు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన షార్ట్, పండిట్, రాఘవాచారి, వీళ్లు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఆ పండిట్ గారే తర్వాత ఐసీఎంఆర్‌కి, అంటే భారత వైద్య పరిశోధన మండలికి, మొదటి డైరెక్టర్ అయ్యారు. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరోసిస్ చరిత్ర రాసినా నెల్లూరు పేరు వస్తుంది. గర్వపడాల్సిన విషయం కాదు, కానీ మెడికల్ స్టూడెంట్‌గా తెలియకపోతే మాత్రం సిగ్గుపడాల్సిన విషయమే.

దీని దారి చూడండి. మన ఎముకలో గట్టిదనం ఇచ్చేది హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం లవణం. అందులో హైడ్రాక్సిల్ ఉన్న చోట ఫ్లోరైడ్ సరిగ్గా ఇమిడిపోతుంది, పరిమాణం దాదాపు అంతే కాబట్టి. ఇమిడాక ఆ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనపడుతుంది. చూడ్డానికి బలంగా ఉన్నట్టే ఉంటుంది కానీ పెళుసు. అక్కడితో ఆగదు. ఎముకకి ఎముకకి మధ్య ఉండే లిగమెంట్లలో, పొరల్లో కాల్షియం పేరుకుంటుంది. అందుకే వెన్ను వంగదు, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. "అయ్యా, కింద కూర్చోలేకపోతున్నా, కూర్చుంటే లేవలేకపోతున్నా" అని వస్తారు. వెన్నుపాము వెళ్లే గొట్టం ఇరుకైతే కాళ్లలో తిమ్మిర్లు, తర్వాత బలహీనత, కొందరికి రెండు కాళ్లూ పడిపోతాయి.

పరీక్ష ఏంటి? నడుం నొప్పి అన్నాడు కదా అని అందరూ నడుం ఎక్స్‌రే తీస్తారు. అది చూసి ఇంకేదో కీళ్లవాతం అనుకునే ప్రమాదం ఉంది, యాంకిలోసింగ్ స్పాండిలైటిస్‌లో కూడా వెన్ను అలాగే బిగుసుకుపోతుంది. ఫ్లోరోసిస్ అనుమానం ఉంటే ముంజేయి ఎక్స్‌రే తీయించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఒక పలచటి పొర ఉంటుంది, ఆ పొర కాల్షియం పట్టి ఎక్స్‌రేలో గీతలా, ముల్లులా కనపడితే దాదాపు ఖాయం. పొర కాల్షియం పట్టడం అనే మెకానిజం తెలిసినవాడికే చెయ్యి ఎక్స్‌రే తీయాలని తోస్తుంది. దానితోపాటు మూత్రంలో ఫ్లోరైడ్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్.

వైద్యం సంగతికొస్తే, ఎముకలో ఇమిడిన ఫ్లోరైడ్‌ని బయటికి లాగే మందు లేదు. ఉందని ఎవరైనా డబ్బాలు అమ్మితే నమ్మొద్దు. నీళ్లు మార్చాలి, కాల్షియం, విటమిన్ డి సరిపడా అందాలి, నరాలు నొక్కుకుపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. కాల్షియం సంగతి ఎందుకంటే, నల్గొండ ప్రాంతంలో పిల్లలకి మోకాళ్లు లోపలికి వంగిపోయి ఒకదానికొకటి తగలడం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లో రాశారు. ఫ్లోరైడ్‌కి తోడు తిండిలో కాల్షియం తక్కువైతే ఎముక మెత్తబడి అలా వంగుతుంది. అదే ఫ్లోరైడ్, తిండిని బట్టి ఒకరిలో ఎముకని దట్టం చేస్తుంది, ఇంకొకరిలో వంచుతుంది. ఆ సంస్థ వాళ్లే చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని కూడా చూశారు. మనవాళ్లకి పులుసు కొత్తేం కాదు, అలాగని నీళ్లు మార్చడం మానేసి పులుసు తాగుతూ కూర్చోకండి.

ఇక్కడ నాకు కోపం తెప్పించేది ఒకటుంది. నడుం నొప్పికి ఊళ్లో ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ బిళ్లలు, ఇంజెక్షన్లు. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారా. ఆ బిళ్లలు ఏళ్ల తరబడి వాడితే దెబ్బతినేది కూడా కిడ్నీలే. అంటే నొప్పి తగ్గించడానికి వేసుకున్న బిళ్ల, నొప్పి తెచ్చిన పదార్థం బయటికి పోయే దారిని మూసేస్తోంది. దీన్ని ఏ ఒక్క సబ్జెక్టు పుస్తకమూ మీకు చెప్పదు. ఫిజియాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ మూడింటినీ మీరు మీ బుర్రలో కలుపుకోవాలి.

మార్కాపురం పలకలు అందరికీ తెలుసు. నా వయసు వాళ్లం అక్షరాలు దిద్దింది ఆ పలకల మీదే. ఆ రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. పెద్ద రేణువులు ముక్కులోనే, గొంతులోనే ఆగిపోతాయి, దగ్గితే పోతాయి. ఐదు మైక్రాన్ల లోపు ఉన్నవి, కంటికి కనపడనివి, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తాయి. అక్కడ మాక్రోఫేజ్ అనే కణం కాపలా ఉంటుంది. ఏది వచ్చినా మింగి అరిగించుకోవడం దాని పని. సిలికాని మింగుతుంది, అరిగించుకోలేదు. లోపల అరిగించే సంచి, లైసోజోమ్ అంటాం, పగిలి అదే చచ్చిపోతుంది. చస్తూ చస్తూ వాపు తెచ్చే రసాయనాలు వదులుతుంది, మింగిన రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. ఇలా సాగుతూ ఉంటే చుట్టూ మచ్చ కణజాలం గట్టిపడి గడ్డలు కడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటాం. పని మానేసిన తర్వాత కూడా జబ్బు ఎందుకు పెరుగుతుందని చాలామంది అడుగుతారు. రేణువు ఎక్కడికీ పోదు కదా, అందుకు.

టీబీ వీళ్లకి ఎక్కువగా ఎందుకు వస్తుందో ఇప్పుడు మీరే చెప్పండి. ఎవరో చెప్తున్నారు, గట్టిగా చెప్పమ్మా. అదీ. టీబీ క్రిమిని పట్టి ఉంచాల్సింది కూడా ఆ మాక్రోఫేజే. కాపలావాడు పడిపోయాడు. కాబట్టి సిలికోసిస్ ఉన్నవాడికి దగ్గు ఎక్కువైతే, బరువు తగ్గితే, పాత జబ్బే పెరిగిందని వదిలేయకుండా కఫం పరీక్ష చేయించాలి. తిరగేసి చూస్తే, టీబీ అని ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టేసి, కఫంలో ఏమీ లేకపోయినా మళ్లీ మళ్లీ అవే కోర్సులు వాడించడం కూడా ఉంది. రెండూ పొరపాట్లే, రెంటికీ కారణం ఒకటే, రోగిని "ఏం పని చేస్తావు" అని అడగకపోవడం. ఇటలీలో రమజ్జీని అనే డాక్టర్ 1700లో పనివాళ్ల జబ్బుల మీద రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నల్లో నీ వృత్తి ఏంటి అన్నది కూడా చేర్చమన్నాడు. మన ఓపీ చీటీ మీద ఇప్పటికీ వయసు, ఊరు ఉంటాయి, వృత్తి గడి ఉన్నా ఖాళీగానే ఉంటుంది, లేదంటే కూలీ అని రాసేస్తారు. ఏం కూలీ? పొలంలోనా, పలకల గనిలోనా, చీమకుర్తి గ్రానైట్ క్వారీలోనా? చట్టం ప్రకారం సిలికోసిస్ కనిపెట్టిన డాక్టర్ ప్రభుత్వానికి తెలియజేయాలి కూడా. అడగని వాడు ఏం తెలియజేస్తాడు?

పొగాకు గురించి ఎక్కువ చెప్పను, క్యాన్సర్ సంగతి మీకు ప్యాకెట్ మీద బొమ్మే చెప్తుంది. పొగ తాగని వాళ్లకి వచ్చేది ఒకటుంది. మంచు తడి ఉన్నప్పుడు పచ్చాకు రెలిచేవాళ్లకి ఆ తడిలో కరిగిన నికోటిన్ చర్మంలోంచి లోపలికెళ్తుంది. తల తిరుగుడు, వాంతులు, తలనొప్పి, నీరసం. వడదెబ్బ అనుకుంటారు, పురుగుమందు అనుకుంటారు. సబ్బుతో కడిగి, తడి బట్టలు మార్చి, నీళ్లు పట్టిస్తే ఎక్కువమంది రెండు మూడు రోజుల్లోపే తేరుకుంటారు. మూత్రంలో కోటినిన్, అంటే నికోటిన్ ఒంట్లో మారి అయ్యే పదార్థం, చూస్తే ఖాయంగా తెలుస్తుంది, అయితే తడి ఆకు రెలిచారా అని మీరు అడిగితే చాలు, పరీక్ష దాకా వెళ్లక్కర్లేదు.

ఇంతవరకు విని, దారి తెలిసినా మందు లేని జబ్బులే చెప్తున్నారేంటి సార్ అనుకోవచ్చు మీరు. దారి తెలిసి మందు పుట్టినవీ ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ లుకీమియా అనే రక్త క్యాన్సర్. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉందని చూశారు. 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ అది పొట్టిదవ్వడం కాదు, తొమ్మిది, ఇరవై రెండు క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకున్నాయి అని తేల్చింది. ఆ అతుకు దగ్గర పుట్టిన కొత్త ప్రొటీన్ ఆగకుండా కణాన్ని విభజించమంటూ ఉంటుంది. దాని నోరు మూయించే ఇమాటినిబ్ 2001లో వాడకంలోకి వచ్చింది. అదే అతుకుని రక్తంలో కొలిచి మందు పనిచేస్తోందా లేదా చూస్తారు. జబ్బు కారణం, పరీక్ష, మందు మూడూ ఒకే చోట ఉన్నాయి. ఇంత శుభ్రంగా కుదిరినవి చాలా తక్కువ. మొదట్లో దాని ధర మామూలు మనిషికి అందేది కాదు, 2013లో సుప్రీంకోర్టు పేటెంట్ కేసులో ఆ మందు తెచ్చిన నోవార్టిస్ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, మన కంపెనీల చవక మందు కొనసాగింది. 1960లో మైక్రోస్కోప్‌లో చూసింది రోగి చేతికి బిళ్లగా రావడానికి నలభై ఏళ్లు పట్టింది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక మా పిల్లలతో నాకున్న పేచీ. మొదటి ఏడాది నుంచే పీజీ ఎంట్రన్స్ యాప్‌లు. క్లాసులో కూర్చుని కింద ఫోన్‌లో ఎంసీక్యూలు. "ఎగ్‌షెల్ కాల్సిఫికేషన్ అంటే సిలికోసిస్" అని అరసెకనులో చెప్తారు. ఎక్స్‌రేలో గుడ్డు పెంకులా కనపడే ఆ కాల్షియం ఎక్కడ ఉంటుంది, ఎందుకు అలా కడుతుంది అంటే తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పని పూర్తిగా అనలేను, పీజీ సీట్ల టెన్షన్ అలా ఉంది, అప్పు చేసి చదివిస్తున్న ఇళ్లున్నాయి. కానీ ఆప్షన్లు నాలుగు ఇస్తేనే సమాధానం చెప్పగలిగేవాడికి రోగి ఆప్షన్లు ఇవ్వడు. "ఏమోనయ్యా, ఒంట్లో బాగోలేదు" అంటాడు అంతే.

నేను చెప్పేది చిన్న పని. రోజూ వార్డులో ఒక్క రోగిని పట్టుకోండి. పేరు, మందులు పక్కన పెట్టి, ఈ మనిషి ఒంట్లో మొదట ఏది చెడింది, దాని వల్ల తర్వాత ఏది చెడింది, ఇప్పుడు కనపడుతున్న లక్షణం ఎన్నో మెట్టు మీదిది, ఇచ్చే మందు ఏ మెట్టు దగ్గర పనిచేస్తోంది, ఇది ఒక కాగితం మీద బాణం గుర్తులతో రాయండి. రాయలేని చోట ఆగి పుస్తకం తెరవండి. అలా తెరిచిన పేజీ మర్చిపోరు. పోస్ట్‌మార్టం చూసే అవకాశం వస్తే ముక్కు మూసుకునైనా వెళ్లండి. మోర్గాన్యీ అని ఇటలీ ఆయన వందల శవాల్ని కోసి, బతికున్నప్పటి లక్షణానికి లోపల చెడిన అవయవానికి సంబంధం ఇదీ అని 1761లో, డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో అచ్చు వేశాడు. అంతకుముందు దాకా జబ్బంటే ఒంట్లో రసాల సమతూకం దెబ్బతినడమే అనుకునేవారు. మనం చేస్తున్నది ఇంకా ఆయన మొదలుపెట్టిన పనే. 1858లో జర్మనీ డాక్టర్ విర్కో అవయవం నుంచి కణం దాకా వచ్చాడు, ఇప్పుడు అణువుల దాకా వచ్చాం.

ప్రశ్నలుంటే అడగండి. మైకు అటు ఇవ్వండి.

(నీట్‌లో సీటు రాకపోతే ఈ చదువు చదవడానికి ఇంకే దారి ఉందని ఒక ఇంటర్ విద్యార్థిని అడిగింది.)

ఉందమ్మా. బీఎస్సీ ఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ చదువు, ఉంది, నర్సింగ్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది. ఫార్మ్ డీ ఆరేళ్ల కోర్సు, మన దగ్గర ఎప్‌సెట్ ర్యాంకుతో వస్తుంది. మందు ఒంట్లో ఏం చేస్తుందో అన్న ఆసక్తి ఉంటే ఫార్మ్ డీలో చదివినంత ఎంబీబీఎస్‌లో కూడా చదవం. ఎంఎల్‌టీని తక్కువ చేసి చూస్తారు మన ఇళ్లలో. ఇందాక చెప్పిన గాజు ట్యూబు సరైనదా కాదా అని చూసేది, స్లైడ్‌కి రంగు సరిగ్గా పట్టించేది ఆ టెక్నీషియనే. స్లైడ్ చెడితే నేను మైక్రోస్కోప్ ముందు కూర్చుని చేసేదేమీ లేదు. ఒక్కటి చూసుకో, చేరే కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, రోజూ శాంపిల్స్ వస్తాయా అని. రోగులు లేని చోట ఈ చదువు కాగితాల మీదే ఉంటుంది.

(పొదిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి, తమ బోరు నీళ్లు కాచి తాగుతున్నామని, సరిపోతుందా అని అడిగారు.)

సరిపోదండీ, మంచి ప్రశ్న అడిగారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ముందు పరీక్ష చేయించండి, గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లకి ల్యాబులున్నాయి. బోరు కాసేపు వదిలేసి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాని ఆ నీళ్లతోనే రెండు మూడు సార్లు తొలిచి నింపండి, దీనికి గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసిపోతుంది. సీసా మీద ఊరు, బోరు ఎక్కడిది, తేదీ రాయండి. రిపోర్టులో లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే మీరు టిన్ను నీళ్లు కొంటారు, తెలుసు, అందరూ కొంటున్నారు. కానీ తాగడానికి మాత్రమే కొని అన్నం, పప్పు, టీ బోరు నీళ్లతోనే కానిస్తారు, అలా చేస్తే సగం ఫ్లోరైడ్ పళ్లెంలోంచి వస్తూనే ఉంటుంది. వంటకి కూడా ఆ టిన్ను నీళ్లే వాడండి. స్నానానికి, బట్టలకి, గొడ్ల కొట్టం కడగడానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు, గొడ్లకి తాగడానికి మాత్రం అవి కూడా వద్దు, వాటికీ పళ్లు, ఎముకలు అలాగే పాడవుతాయి.